మామ్మ ఇచ్చిన మజ్జిగ



ఈ వారం వాక్యధ్యానం కంటే ముందు మీ దగ్గర ఒక ఒప్పుకోలు చేయాలి.

పోయిన ఎండాకాలం మన మందిరం దగ్గర వైద్య శిబిరం పెట్టుకున్నాం కదా. ఎవరూ ముందుకు రాకపోతే మీకు ధైర్యం చెప్పడానికని నేనే మొదట కూర్చున్నాను. నర్సమ్మ టేపు తీసి నా పొట్ట చుట్టూ కొలిచింది. 98 సెంటీమీటర్లు. బీపీ 138/88. మర్నాడు పరగడుపున రక్తం ఇస్తే షుగర్ 112, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36.

"నాకు షుగర్ జబ్బు లేదు కదండీ" అన్నాను. "ఇంకా రాలేదు పాస్టర్ గారూ, బయలుదేరింది" అన్నారు డాక్టరుగారు.

ఆయన ఐదు విషయాలు రాసి ఇచ్చారు. మీరూ రాసుకోండి. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80, లేదా అంతకు మించి ఉండడం. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరడం. పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్స్ 150 చేరడం. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తగ్గడం. వీటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నాకు ఐదూ ఉన్నాయి!

ఇందులో ఏదీ నొప్పి పెట్టదు. అదే మోసం. పొట్ట లోపల, లివర్ చుట్టూ కొవ్వు పేరుకుంటే ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. అక్కడి నుంచి షుగర్ జబ్బుకీ, గుండెపోటుకీ, పక్షవాతానికీ దారి పడుతుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా మనవాళ్లకు పొట్టలోనే కొవ్వు చేరుతుంది. అందుకే యూరపు మగవాళ్లకు 94 పెట్టిన హద్దు మనకు 90 అయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గృహ దర్శనాలకు వెళ్తే రోజుకు ఏడు ఇళ్లు, ఏడు టీలు, పద్నాలుగు చెంచాల పంచదార. వీధి చివరికి కూడా బండి మీదే. శుక్రవారం మూడింటి దాకా ఉపవాసం, ఆ తర్వాత రెండు రోజులకు సరిపడా పులిహోర. మందు మానండి, పొగ మానండి అని గట్టిగా బోధించే నేను, ఆశానిగ్రహం అన్న మాటను నా కంచం దాకా రానివ్వలేదు.

మర్నాడు ఒక మామ్మ ఇంట్లో "టీ వద్దు మామ్మా" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. "మా ఇంటి టీ తాగరా అయ్యగారూ?" అంది. తన చేతి నీళ్లు కూడా ముట్టని మనుషుల్ని చూస్తూ బతికిన మనిషి ఆమె. నా ఆరోగ్యం కోసం ఆ గాయాన్ని మళ్లీ రేపానే అని నా గుండె కలుక్కుమంది. "మజ్జిగ ఉంటే పొయ్యి మామ్మా, రెండు గ్లాసులు తాగుతాను" అన్నాను. ఆమె నవ్వింది. అప్పుడు అర్థమైంది, మానాల్సింది పంచదారనే గానీ ప్రేమను కాదని.

అప్పటినుంచి ఊళ్లో దర్శనాలకు నడిచే వెళ్తున్నాను. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడవాలని డాక్టరుగారి మాట. అన్నం సగం చేసి కూర, పప్పు పెంచాను. రాత్రి భోజనం ఎనిమిదిలోపే. ఆరు నెలల్లో 84 కిలోల నుంచి 79కి వచ్చాను. నడుము 93, షుగర్ 101. ఇంకా గెలవలేదు, దారి మాత్రం మళ్లింది. షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇలా బరువు కాస్త తగ్గించి నడిస్తే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది.

ఒక్క మనవి. పాస్టర్ గారు ప్రార్థన చేశారు కదా అని బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆపవద్దు. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. ప్రార్థన నేను చేస్తాను, మాత్ర మీరు వేసుకోండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలో టేపు ఉంటుంది. ముందు సంఘ పెద్దలు, తర్వాత మీరందరూ. నేను మీ ఇంటికి వస్తే మజ్జిగే ఇవ్వండి.

ప్రభువు మీకు తోడై యుండును గాక. ఆమెన్.