నాన్న ల్యాప్‌టాప్‌కి రైట్ రైట్!

మొన్న సంక్రాంతికి బూజు దులుపుతుంటే అటక మీద పాత లుంగీలో చుట్టిన మూట ఒకటి దొరికింది. విప్పితే నా నెట్‌బుక్! 2009లో బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చింది. "పాత సామాన్లవాడికి వేసేద్దామే" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. దుమ్ము తుడిచి తన మంచం పక్కన పెట్టుకున్నారు.

ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసేవారు. షాపువాడు "ల్యాప్‌టాపే సార్, సైజు చిన్నదంతే" అంటే నమ్మి, 18 వేలు అప్పు చేసి తెచ్చారు. క్లాసులో అందరివీ పెద్దవి. నాది పది అంగుళాలది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, బిగుసుకుపోయేది. ఓరోజు విసుగొచ్చి "ఇది ల్యాప్‌టాప్ కాదు నాన్నా, బొమ్మ" అనేశా. అప్పట్నుంచీ ఇంట్లో ఏం కొనాలన్నా "నన్నడక్కండి, నాకవి తెలీవు" అనడం ఆయనకి అలవాటైపోయింది.

ఆ రాత్రి మెల్లగా అడిగారు. "ఇందులో తెలుగు రాసుకోవచ్చా అమ్మలూ?"

కుదరదని చెప్పడానికి నోరు రాలేదు.

అందులో ఉన్నది ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. 32 బిట్ కాబట్టి విండోస్ 11 ఎక్కదు. లైనక్స్‌లో కూడా డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. 2023లో వచ్చిన డెబియన్ 12కి మాత్రం ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. ఇన్‌స్టాల్ మధ్యలో డెస్క్‌టాప్ కావాలా అని అడిగితే టిక్ తీసేశా. అది మామూలుగా ఇచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌ని ఈ 1 జీబీ మోయలేదు.

రీస్టార్ట్ అయ్యింది. నల్లటి స్క్రీన్. తెల్లటి అక్షరాల్లో 'లాగిన్' అని ఒక్క మాట.

"పాడైపోయిందా?" నాన్న గొంతులో కంగారు.

"లేదు నాన్నా, బానే ఉంది. బొమ్మలు ఇంకా పెట్టలేదంతే."

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల గురించి నాకు నచ్చేది ఇదే. మనకి కంప్యూటర్ అంటే ఐకాన్లు, మెనూలు. వీటికి మాత్రం అవన్నీ పైన వేసుకునే చొక్కా లాంటివి. లేకపోయినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద గీయడం, మౌస్ కదలికల్ని పట్టుకోవడం ఎక్స్ అనే ప్రోగ్రామ్ పని. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. 1987లో వచ్చిన 11వ వెర్షన్ పేరుమీదే ఇప్పటికీ ఎక్స్11 అంటున్నారు. కిటికీలకి అంచులు కట్టేది విండో మేనేజర్. కింద పట్టీ, మెనూ ఇచ్చేది డెస్క్‌టాప్. మూడూ వేటికవే, మనకి కావల్సినవి ఏరుకోవచ్చు. అన్నట్టు, మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లైనక్స్ కెర్నలే. పైన చొక్కా వేరు.

ఎక్స్‌ఆర్గ్, దానిమీద తేలికైన ఎల్‌ఎక్స్‌డీఈ ఇన్‌స్టాల్ చేశా. ఏ డెస్క్‌టాప్ తెరవాలో చెప్పే చిన్న ఫైల్‌లో ఒక లైను రాసి, 'స్టార్ట్‌ఎక్స్' కొట్టా. స్క్రీన్ ఓసారి మినుక్కుమని మళ్లీ నల్లబడింది. మళ్లీ కొట్టా. మళ్లీ అంతే. గ్రాఫిక్స్ పోయిందేమో అనుకుని లాగ్ ఫైలంతా వెతికా. ఒక్క ఎర్రర్ లేదు.

"ఆ చివర్లో ఏదో రాసిందే" అన్నారు నాన్న, కళ్లజోడు సర్దుకుంటూ.

నిజమే. ఆ కమాండ్ దొరకలేదని స్క్రీన్ మీదే రాసి ఉంది. ఎల్‌ఎక్స్‌డీఈ అనాల్సిన చోట నేను ఎల్‌డీఎక్స్‌ఈ అని కొట్టా! తప్పు మెషీన్‌ది కాదు, నాది. దాన్ని అనడం మాత్రం ఎప్పట్లాగే ముందు చేసేశా.

సరిచేశాక నీలం తెర వచ్చింది, కింద పట్టీ వచ్చింది. ర్యామ్ చూస్తే 200 ఎంబీ చుట్టుపక్కలే వాడుతోంది. కానీ తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేశాక అక్షరాలు వచ్చాయి. కీబోర్డుని ఇన్‌స్క్రిప్ట్‌లోకి మార్చి, ఏ కీ ఏ అక్షరమో కాగితం మీద గీసిచ్చా.

అబద్ధం ఎందుకు, ఇందులో బ్రౌజర్ తెరిస్తే ఓ టీ తాగి రావచ్చు. వీడియోలు నత్తనడక. రాసుకోడానికి మాత్రం ఏ లోటూ లేదు.

నాన్న ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొట్టారు. తొంగిచూశా. రాజమండ్రి, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. ఆయన బస్సు రూటు. ఒక్కో ఊరి కింద అక్కడ ఎక్కిన మనుషుల గురించి రాస్తారట.

"పాస్‌వర్డ్ అవీ లేకుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చేలా పెట్టనా?" అన్నా.

"వద్దు. స్టార్ట్‌ఎక్స్ నేనే కొడతా. అది మా రైట్ రైట్ లాంటిది. చెప్పేదాకా బండి కదలకూడదు."

నిన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది. పక్కింటాయన మనవడికి ల్యాప్‌టాప్ కొంటున్నాడట, నాన్నని తోడు రమ్మన్నాడట. ఈసారి ఆయన తెలీదనలేదు. చొక్కా వేసుకుని బయల్దేరారట.