మా అన్న జీపు టాపు



పోయిన ఆదివారం మీటింగు ముగిసినాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగినాడు. టాపు మడిచే బండి కొత్తగా కొన్నాడంట. మన ఎండకు ఆ టాపు అరగకుండా, పగలకుండా ఎట్లా చూసుకోవాలని. నిలబడినచోటే రెండు మాటలు చెప్పి పంపినాను. ఇంటికొచ్చినాక మనసు ఒప్పుకోలేదు. ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఒక టాపును నా చేతులతో పాడుచేసి నేర్చుకున్నదే. అది కూడా చెబితేనే న్యాయం.

మా అన్నకు కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్ళో పాత జీపు ఒకటి ఉండేది. ఇనుప కమ్మీల మీద నల్ల రెగ్జిన్ టాపు, వెనక కిటికీకి ప్లాస్టిక్ షీటు. పత్తి చేనుకు, సంతకు, పెళ్ళిళ్ళకు అన్నిటికీ అదే. చలికాలం సాయంత్రం టాపు వెనక్కి మడిచి పిల్లలను ఎక్కించుకొని తిప్పేవాడు. పదేండ్లు ఆ టాపుకు ఏమీ కాలేదు.

అన్న పోయినాడు. పెద్దకర్మ అయిన మర్నాడు వదిన ఆ జీపును చూడలేక, కొట్టంలో పెట్టేయమనింది. నేనే తోసినాను. టాపు నేనే మడిచినాను. ముందు రోజు ఐప్పసి వాన. రెగ్జిన్ పైన ఆరినట్టు ఉంది, లోపలి గుడ్డ మాత్రం చెమ్మగానే ఉంది. పగలకుండా ఉంటుందని కొబ్బరినూనె పూసినాను. నైలాన్ తాడుతో బిగించి కట్టి, జీపంతా ప్లాస్టిక్ తార్పాయి కప్పినాను. భద్రంగా పెట్టినానని వదినకు చెప్పి ఊరికి వచ్చేసినాను.

రెండేండ్లు ఎవరూ తియ్యలేదు. అన్న కొడుకు పెళ్ళి కుదిరింది. నాయన జీపులోనే టాపు తీసి ఊరేగింపు పోతానని పిల్లోడు పట్టుబట్టినాడు. తార్పాయి తీస్తూనే బూజు వాసన. టాపు విప్పితే మడత మడతకూ పటపటమని పగిలింది. ప్లాస్టిక్ కిటికీ పసుపుపచ్చగా మారి, ఒకదానికొకటి అంటుకొని ఉంది. వదిన చూసి ఒకటే మాట అనింది. "ఏమప్పా, భద్రంగా పెట్టినానంటివే."

నాకు తల ఎత్తడానికి కాలేదు. ఎందుకంటే గూడ్స్ షెడ్డులో కూర్చొని ఏండ్లకేండ్లు వ్యాగన్ల మీద కప్పే తార్పాయిల లెక్క రాసినవాడిని నేను. తడి తార్పాయిని మడిచి పెడితే ఇంకో వానకు పనికిరాదని అక్కడ కళాసీకి కూడా తెలుసు. నేను ఇంటి వస్తువు దగ్గర మరిచినాను.

టాపును కోవిల్‌పట్టిలో కుషన్ అంగడి భాయ్ దగ్గరికి తీసుకుపోయినాము. ఆయన వేలితో మడతలు తడిమి, "ఇది ఎండకు పోలేదు సార్, వానకూ పోలేదు. వాడకనే పోయింది" అన్నాడు. ఆ పొద్దు ఆయన చెప్పినవి, తర్వాత నేను చేసి చూసినవి రాస్తాను.

రెగ్జిన్ అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. ఆ పూతలో మెత్తదనం కోసం నూనె మాదిరి పదార్థం కలిపి ఉంటారు. ఎండ, వేడి దాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగేస్తాయి. అప్పుడు రెగ్జిన్ గట్టిపడి, ఎక్కడ వంగుతుందో అక్కడ పగులుతుంది. మనం పైన కొబ్బరినూనె పూస్తే ఆ మెత్తదనం తిరిగి రాదు. దుమ్ము అంటుకొని, మడతలో ఉప్పుకాగితం మాదిరి రుద్దుతుంది. కిరసనాయిలు, థిన్నరు ఇంకా అన్యాయం.

కడిగేటప్పుడు ముందు మెత్తని బ్రష్షుతో పొడి దుమ్ము దులపాలి. తర్వాత నీడలో, బండి కడిగే తేలికపాటి షాంపూతో కడిగి, నురగ లేకుండా నీళ్ళు పొయ్యాలి. బట్టల సోడా, సబ్బుపొడి వద్దు. సర్వీసు స్టేషన్లో నీళ్ళు జోరుగా కొట్టే గొట్టం కుట్ల దగ్గరికి రానీయొద్దు. గుడ్డ టాపు అయితే, నీటి బొట్లు పైన ముత్యాలమాదిరి నిలవకుండా లోపలికి ఇంకుతున్నాయంటే, నీళ్ళు పట్టని మందు మళ్ళా కొట్టే టైము వచ్చినట్టే.

లోపల, బయట రెండు పక్కలా ఆరినాకనే మడవాలి. వాన నడుమ మడవాల్సి వస్తే, ఇంటికి పోయిన వెంటనే విప్పి ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కిటికీని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. తడిపి తుడవాలి. చుట్టేటప్పుడు నడుమ పాత నూలుపంచె ఒకటి వెయ్యాలి. కొడైకెనాల్ పోయినవాళ్ళు చలి పొద్దున దాన్ని బలంగా విప్పొద్దు. కొంచెం ఎండ తగలనిస్తే మెత్తబడుతుంది.

కాకి రెట్ట పడితే గోకొద్దు. తడిగుడ్డ వేసి, నానినాక ఎత్తెయ్యాలి. నీడ అని మామిడిచెట్టు కింద పెడితే జిగురు కారుతుంది. కప్పాలంటే గాలి ఆడే గుడ్డ కవరు కప్పాలి. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది. అది కూడా టాపును కడిగినాకనే కప్పాలి.

కమ్మీకి టాపు రాసుకునే చోట లోపల ఒక గుడ్డముక్క అతికించి పెట్టండి. బటన్లు, బెల్టులు అన్నీ వేసినాకనే బండి తియ్యండి. సగం వేసి పోతే టాపు టపటప కొట్టుకొని కుట్లు తెగుతాయి. ఒక కుట్టు పోయినప్పుడే వేయిస్తే చిన్న ఖర్చు. నూలు దారం త్వరగా కుళ్ళుతుంది, పాలిస్టర్ దారం అడిగి వేయించుకోండి.

భాయ్ పెళ్ళికి రెండు దినాల ముందే కొత్త టాపు కుట్టి ఇచ్చినాడు. పిల్లోడు నాయన జీపులోనే ఊరేగినాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం జీపు బయటికి వస్తుంది. టాపు ఒకసారి మడిచి, ఒకసారి విప్పుతారు. పోయిన నెల నేను పోయినప్పుడు వదిన ముందు సీటులో కూర్చొని ఉంది. నన్ను చూసి, "నువ్వు మాత్రం దీన్ని తాకొద్దప్పా" అని నవ్వింది. అన్న పోయినాక ఆమె నవ్వడం నేను చూసింది ఆ పొద్దే.

ఇంకొక మాట. మన సంఘం తార్పాయిలు పోయిన ఉగాది రాత్రి వానలో తడిసినాయి. అట్లే చుట్టి వెనక గదిలో పెట్టినాము. చుట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు నేను మండపానికి వస్తాను. ఇంకో నలుగురు వస్తే మిద్దె మీద పరిచి ఆరబెడదాము.

బడిలో చదివింది తమిళం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.