ఆ ఏడాది మా వీధి వినాయకుడు

వినాయక చవితి ఇంకా నెలరోజులుందనగానే మా ఆదోనిలో చందా పుస్తకాలు బయల్దేరతాయి. మా వీధి పుస్తకం మా చిన్నవాడి చేతిలో ఉంటుంది. రెండేళ్ల కిందట వాడు అన్నం తింటూ, "అమ్మా, పక్క వీధోళ్లు పన్నెండడుగులు తెస్తున్నారంట. మనం పద్నాలుగు తేవాల" అన్నాడు.

"దేంతో చేసిందిరా?"

"ప్లాస్టర్‌దే. మట్టిది అంత ఎత్తు నిలుస్తాదా?"

నాకు ముద్ద దిగలేదు. కారణముంది. ఆ ఎండాకాలమే మంత్రాలయం వెళ్లాం. తుంగభద్రలో నీళ్లు తగ్గి బండలు తేలాయి. స్నానానికి దిగిన మా అత్తగారి కాలికి ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే వినాయకుడి చెయ్యి! రంగు పోలేదు, అరచేతిలో లడ్డూ కూడా అలాగే ఉంది. పాపం, ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, మళ్లీ నీళ్లలో వెయ్యాలో గట్టున పెట్టాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో పూజచేసి హారతులిచ్చిన దేవుడాయె!

మేం తాగేదీ ఆ తుంగభద్ర నీళ్లే. డ్యామ్ కాలువలో మా ఊరికొస్తాయి. నిమజ్జనమూ ఆ కాలువలోనే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మట్టిలా కరగదు, పైన పూసే రంగుల్లో సీసం లాంటివి ఉంటాయి. అందుకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. అంది గాని, వీధిలో వినేదెవరు?

మధ్యాహ్నం అరుగు మీద బుడ్డలు ఒలుస్తూ ఈ సంగతి ఎత్తాను. ఎదురింటి ఒదిన ఒక్క మాటలో తేల్చేసింది. "చందా పోయేది మన పోపుల డబ్బాల్లోంచే గదా! మట్టిదైతేనే ఇస్తామందాం." పదకొండు ఇళ్లవాళ్లం సరేననుకున్నాం.

మావాడికి ఎక్కడలేని కోపమొచ్చింది. "వీధి పరువు తీస్తున్నారు" అన్నాడు.

"ఒరే, హైదరాబాదు ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగుతో మొదలై 2014కి 60 అడుగులయ్యాడు. అంతటివాణ్ణే 2022లో మట్టితో చేశారు, 50 అడుగులు! వాళ్ల పరువేం పోయింది?" అన్నాను. జవాబు లేదు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

చివరికి నాలుగడుగుల మట్టి వినాయకుడొచ్చాడు. మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలన్నది ఇంకో పెద్ద పంచాయితీ. అది రాస్తే ఈ పేజీ చాలదు. ఒక సాయంత్రం ముగ్గుల పోటీ (మొదటి బహుమతి స్టీలు డబ్బా), ఒక సాయంత్రం పిల్లల పద్యాలు, అందరికీ ఉగ్గాని, బజ్జీలు. మూడోరోజు పెద్దవాళ్ల పాటలన్నారు. మా అత్తగారు మైకు పట్టుకుని కన్నడంలో దాసర పాటలు రెండు పాడింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ పాడగా నేను వినడం అదే మొదలు. వీధిలో ఇంతమంది ఉన్నామని నాకూ అప్పుడే తెలిసింది.

ఆ రాత్రే వాన. షామియానా కారి వినాయకుడి తొండం కొస విరిగి పడింది. కమిటీ పిల్లలంతా మా గుమ్మం ముందు నిలబడ్డారు. "చూశారా పెద్దమ్మా! మట్టిది వద్దంటే విన్నారా?" నాకు కాళ్లు చల్లబడ్డాయి. విగ్రహం విరిగితే అరిష్టమంటారు. పట్టుబట్టి మట్టిది తెప్పించింది నేనాయె.

వీధి చివర కుమ్మరివాళ్ల అవ్వను మావాడే లేపుకొచ్చాడు. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. తడిమట్టిలో దూది కలిపి పిసికి, ఓపిగ్గా తొండం అతికించింది. మావాడు తెల్లవార్లూ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున పురోహితుడు వచ్చి మళ్లీ పూజ చేయించాడు. అతికినచోట మాత్రం నల్లగా కనిపిస్తూనే ఉండింది. పక్క వీధివాళ్లు నవ్వారు కూడా.

ఊరేగింపు లేకపోతే పిల్లలు ఊరుకుంటారా? డప్పులతో ఊరంతా తిప్పి, అర్ధరాత్రి వీధి చివరి సిమెంటు తొట్టిలోనే నిమజ్జనం చేశాం.

తెల్లారి కల్లాపి చల్లడానికి లేచేసరికి మా అత్తగారు తొట్టి దగ్గర ఉంది. చీర చెంగు దోపుకుని, మోచేతిదాకా చెయ్యిముంచి అడుగంతా మెల్లగా దేవుతోంది.

"ఏం తగిలిందత్తా?" అన్నాను.

"ఏం లేదు. మన్నే" అని చెయ్యి తుడుచుకుని లోపలికొచ్చింది.