నేను నేనేనండీ!

పుట్టి బుద్ధెరిగాక మా జంగారెడ్డిగూడెంలో నేను నేనేనని రుజువు చేసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. బస్టాండులో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, "ఫలానావారి రెండో అమ్మాయివి కదూ? నాన్నగారు కులాసానా?" అని ఎవరో వొకరు పలకరిస్తారు. అలాంటి నన్ను పట్టుకుని వొక యాప్ "నువ్వు నువ్వు కాదు, పో" అంది!

అదేదో ఆధార్ వ్యవహారం కాదండోయ్. డేటింగ్ యాప్. అప్పుడే కళ్ళు పెద్దవి చేయకండి. ఏలూరు, రాజమండ్రి కుర్రకారుకి వున్న సరదా మా మెట్ట ప్రాంతం వాళ్ళకి వుండకూడదా ఏమిటి? రైలు లేని వూరు మాది. 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. ఎటు చూసినా పామాయిల్ తోటలూ, పొగాకు చేలూ. ఇక్కడ నేనొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చే సంబంధాల్లో అబ్బాయి జీతం ముందొస్తుంది, అబ్బాయి తర్వాతెప్పుడో వస్తాడు. అంచేత, ముందు అబ్బాయితో నాలుగు మాటలు మాట్లాడాలని నా కోరిక.

యాప్‌లో దూరం ఇరవై కిలోమీటర్లని పెడితే ముగ్గురు కనిపించారు. అందులో వొకడు మా బాబాయి కొడుకు! గబుక్కున వంద కిలోమీటర్లకి పెంచేశాను.

ఇక ఫోటోల సంగతి. వొకటి ఎర్రకాలువ గట్టున వెనక నుంచి తీసింది. రెండోది స్కూటీ మీద... ముఖానికి చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేట్టు. మూడోది మా ఇంటి పెరట్లో మందారం. పేరు ఇంట్లో పిలిచే ముద్దుపేరు. వయసు నిజం, వుద్యోగం నిజం, మాట్లాడిన ప్రతి మాటా నిజం. ముఖం వొక్కటే దాచాను. ఎందుకు దాచావని మా వూళ్ళో పుట్టిన ఆడపిల్ల ఎవరూ అడగదు. నా ఫోటో అక్కడ వుందని తెల్లారేసరికి స్టాఫ్ రూముకీ, సాయంత్రానికి పిల్లల తల్లిదండ్రులకీ తెలిస్తే నా వుద్యోగం ఏం కాను? మా నాన్న తలెత్తుకుని బజారుకి వెళ్ళగలడా?

1984లో జంధ్యాలగారు తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' చూశారు కదా? పొత్తూరి విజయలక్ష్మిగారి నవల దానికి మూలం. అందులో పూర్ణిమ కాబోయే శ్రీవారిని ఊహించుకుంటూ వుత్తరం రాస్తుంది. కింద సంతకం మాత్రం 'సోనాలి'! ఆ వుత్తరం నరేష్ చేతిలో పడుతుంది, పాపం ఆ సోనాలి కోసం వెతకడం మొదలెడతాడు. హాల్లో అందరం హాయిగా నవ్వుకున్నాం. పేరు దాచింది, ముఖం దాచింది... అయినా ఆ అమ్మాయిని మోసగత్తె అన్నవాడు లేడు. ఇప్పుడైతే యంత్రం చూస్తుంది. ముఖం లేని ఫోటోలు, సగం పేరు... దాని లెక్కలో ఇవన్నీ దొంగ ఖాతా గుర్తులే. దాన్నీ పూర్తిగా తప్పు పట్టలేం లెండి. అందమైన ఆడపిల్ల పేరు పెట్టుకుని మగాళ్ళ దగ్గర డబ్బు గుంజే ముఠాలు నిజంగానే వున్నాయి. వాళ్ళూ ముఖం చూపించరు, నేనూ చూపించను. ఇద్దరికీ తేడా దానికెలా తెలియాలి?

అసలు బాధ అది కాదు. రాజమండ్రి అబ్బాయి వొకతను మూడు వారాలుగా మాట్లాడుతున్నాడు. పాత సినిమాలంటే ప్రాణం. ఒక్కసారి కూడా "ముఖం చూపించు" అని అడగలేదు. అదే నాకు నచ్చింది. వొక బుధవారం రాత్రి, "ఆదివారం ఏలూరులో సినిమాకి వస్తారా?" అని రాశాడు. నేను ఫోను దిండు కింద పెట్టుకుని తెల్లవార్లూ ఆలోచించాను. పొద్దున్నే "సరే" అని కొడదామని తెరిస్తే, 'నియమాలు వుల్లంఘించినందున మీ ఖాతా నిలిపివేయడమైనది' అని వుంది! ఏ నియమం? చెప్పరు. ఎవరు ఫిర్యాదు చేశారు? చెప్పరు. నేను కాదన్నవాళ్ళలో ఎవరైనా కసి తీర్చుకున్నారేమో, అదీ తెలీదు.

అటువైపు అతనికి మాత్రం ఏం తెలుస్తుంది చెప్పండి? రమ్మని అడగగానే పిల్ల మాయం! భయపడి పారిపోయిందనుకుంటాడు. ఇన్నాళ్ళూ ఆడుకుందనుకుంటాడు. నన్ను గెంటేశారని వూహించడు కదా. ఇక మా ఇంట్లో చెప్పుకుని ఏడుద్దామా అంటే, అసలు ఖాతా వుందనే ఎవరికీ తెలియదాయె. ఇల్లు పోతే పదిమంది వచ్చి ఓదారుస్తారు. వున్నట్టే తెలియని ఇల్లు పోతే?

కొత్త నంబరుతో ఇంకో ఖాతా తెరువు అంది నా స్నేహితురాలు. 'గంగ-మంగ'లో వాణిశ్రీగారిలా డబుల్ యాక్షన్ చేయమని! తెరమీద బాగుంటుంది గానీ, ఫోనునీ ఫోటోనీ పోల్చుకుని రెండోదాన్నీ పట్టేస్తాయి చాలా యాప్‌లు. అప్పుడిక అప్పీలు చేసుకోవడానికి ముఖం చెల్లదు. బ్యాన్ తీయిస్తాం, ముందు రెండు వేలు పంపండి అనే బాపతు కూడా తగిలారు. ఇలాంటివాళ్ళకి పైసా పంపకండి. అన్నట్టు, నెల చందా కట్టేవాళ్ళు వొకటి గుర్తుంచుకోండి. ఖాతా పోయినా, యాప్ తీసేసినా చందా దానంతటది ఆగదు. ప్లే స్టోర్‌లోకి వెళ్ళి విడిగా రద్దు చేసుకోవాలి.

నేను పట్టుకున్న దారి వేరు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరూ, చిరునామా బయటపెట్టాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. తేల్చడానికి అప్పుడు పెట్టిన గడువు 15 రోజులు. ఆ అధికారి జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా పైకి వెళ్ళడానికి అప్పీలు కమిటీలు కూడా 2023 నుంచి వున్నాయి, అంతా ఆన్‌లైన్లోనే. లెక్కల టీచర్ని కదా, తేదీలూ గంటలూ వేసి, ఏ నియమం తప్పానో చెప్పమంటూ సగం పేజీ రాశాను. ముఖం ఎందుకు దాచానో మాత్రం నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ నాలుగూ రాయడానికే రాత్రంతా పట్టింది.

ఆరో రోజున జవాబు. వీడియో సెల్ఫీ ఇవ్వాలట. తల ఎడమకి, కుడికి తిప్పి, నేను మనిషినేనని చూపించాలట. ఇంకా వొక ఫోటోలో అయినా ముఖం పూర్తిగా కనబడాలట!

రెండు రోజులు అన్నం సయించలేదు. ఇటు వూరు ముఖం దాచుకో అంటుంది, అటు యాప్ చూపించు అంటుంది. మూడో రోజు తెల్లవారుజామున మేడ మీదికెళ్ళి, మేకప్ టెస్టుకి వచ్చిన కొత్త నటిలా తల అటూ ఇటూ తిప్పాను. కింద వాకిలి వూడుస్తున్న అమ్మ "ఎవరే పైన?" అంది. "నేనేనమ్మా!" అన్నాను.

ఆ సాయంత్రానికి ఖాతా తిరిగొచ్చింది. పెద్దక్క పెళ్ళిలో తీసిన ఫోటో వొకటి పెట్టాను. ముఖం నిండుగా, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతూ.

వారం తిరక్కుండానే మా స్కూలు హిందీ మాస్టారు వరండాలో ఎదురుపడి, నన్ను చూసి, చప్పున తల దించుకుని పక్కకి తప్పుకున్నారు. ముందు నా గుండె జారిపోయింది. తర్వాత వెలిగింది. నన్ను అక్కడ చూశారంటే ఆయనా అక్కడ వున్నట్టేగా! అప్పట్నుంచీ మా ఇద్దరికీ మహా మర్యాద.

రాజమండ్రి అబ్బాయి సంభాషణ జాబితాలో అట్టడుగున అలాగే వుంది. అప్పటికి రెండు ఆదివారాలు గడిచిపోయాయి. అతను ఆ తర్వాత ఏమీ రాయలేదు. నరేష్‌లా నాకోసం వూళ్ళు పట్టుకు తిరగలేదు కూడా. మంచి పని చేశాడు. సినిమాలో ముచ్చటగా వుంటుంది గానీ, నిజంగా బస్సెక్కి వచ్చి మా వీధిలో వాకబు చేసుంటే ఫిర్యాదు నేనే పెట్టేదాన్ని. అయినా వెతకలేదేమా అని మనసులో ఎక్కడో కాస్త చివుక్కుమంది... ఏం చేస్తాం!

జరిగిందంతా రాసి పంపాను. ఆ రాత్రంతా ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు మూడో పీరియడ్ అయ్యాక చూస్తే, "ఫోటోలో మీ పక్కన నవ్వుతున్నది మీ అక్కగారా? అయితే ఆదివారం నేనే జంగారెడ్డిగూడెం వచ్చేయనా?" అని వుంది.

"బాబ్బాబు, ఇక్కడికి మాత్రం వద్దు. ఏలూరే!" అని కొట్టాను.