ముక్కు బరువు

గుణదల,
కార్తీక మాసం



పోయిన ఉత్తరంలో నిజాం గారి స్పిట్‌ఫైర్ సంగతి ఎత్తానో లేదో, "అలాంటి రేడియో కంట్రోల్ మోడల్‌కి ఏ ఇంజన్ పెట్టాలి?" అంటూ జాబులు మొదలయ్యాయి. రాజమండ్రి నుంచి ఒకాయన ఏకంగా 46 సైజు టూస్ట్రోక్ కొనేసి, ఇప్పుడు దానికి తగిన యుద్ధవిమానం చెప్పమంటున్నారు. సంబంధం కుదరకముందే బ్యాండుమేళానికి అడ్వాన్సు ఇచ్చినట్టుంది. ఎగతాళి కాదండీ, నా మొదటి విమానం కథా అదే.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే. 1940లో ఇంగ్లండ్ మీద జర్మన్ విమానాలు విరుచుకుపడ్డప్పుడు ఈ స్క్వాడ్రన్ వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడింది. హైదరాబాద్ స్టేట్ పేరున్న 253వ స్క్వాడ్రన్ ఆ పోరులోనే హరికేన్లు నడిపింది. అలా హైదరాబాద్ పేరుతో ఈ రెండు రకాల విమానాలూ పోరాడాయి. అందరి కళ్లూ స్పిట్‌ఫైర్ మీదే పడతాయి. నేను మాత్రం ముందు హరికేన్ చేసుకోమంటాను.

కారణం కాళ్లు. స్పిట్‌ఫైర్ చక్రాలు దగ్గరదగ్గరగా ఉండి బయటికి ముడుచుకుంటాయి. హరికేన్‌వి ఎడంగా ఉండి లోపలికి ముడుచుకుంటాయి. మన నేలల మీద దిగేటప్పుడు ఆ ఎడమే ప్రాణం కాపాడుతుంది.

ఇక ఇంజన్. బలం ఎంత అన్నది తర్వాత, ముందు బరువు అడగండి. ఈ రెండు విమానాలకీ ముక్కు పొట్టి, తోక పొడుగు. తోక దగ్గర ఒక గ్రాము జిగురు ఎక్కువైతే ముక్కులో రెండు మూడు గ్రాములు వెయ్యాలి. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి పాతిక, ముప్పై శాతం దగ్గర వేళ్లు ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలబడాలి. నా మొదటి విమానం తోక మీద కూలబడింది. తేలికైన 46 పెట్టానుగా! చివరికి పావుకిలో సీసం కరిగించి ముక్కులో పోశాను. పని చెయ్యని ఆ సీసాన్ని మోసుకుంటూ అది ఎగిరినన్నాళ్లూ ఈడ్చుకుంటూనే ఎగిరింది. కాస్త బరువైన ఫోర్‌స్ట్రోక్ పెట్టి ఉంటే ఆ సీసంలో చాలా భాగం ఇంజన్ రూపంలో పని చేసేది.

ఫోర్‌స్ట్రోక్‌తో ఇంకో లాభం కూడా ఉంది. హరికేన్ ముక్కు లావు. చిన్న ప్రొపెల్లర్ తోసే గాలిలో చాలా భాగం ఆ ముక్కుకే కొట్టుకుని వృథా అవుతుంది. 46 టూస్ట్రోక్ 11 అంగుళాలది గిరగిరా తిప్పుతుంది. 91 ఫోర్‌స్ట్రోక్ 14 అంగుళాలది నిదానంగా తిప్పుతుంది. ఆ చప్పుడు కూడా, ఏం చెప్పను, గంభీరంగా ఉంటుంది.

అయితే ఇంధనంతోనే చిక్కు. ఈ గ్లో ఇంజన్లకి మిథనాల్, నూనె, కొంచెం నైట్రోమీథేన్ కావాలి. మిథనాల్ గాలిలో చెమ్మను లాగేసుకుంటుంది. మూడు కాలవల మధ్య ఉన్న మన బెజవాడలో డబ్బా మూత సరిగ్గా బిగించకపోతే ఇంజన్ మొరాయించడం ఖాయం. పైగా అది విషం, కడుపులోకి పోతే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టాల్సిందే. నూనెగా ఆముదం పోసేవాళ్లున్నారు. మొదటి ప్రపంచయుద్ధపు రోటరీ ఇంజన్లకీ అదే పోసేవారు. మా ఇంటావిడ నా చొక్కా వాసన చూసి ఎక్కడికెళ్లొచ్చానో చెప్పేసేది.

అందుకే ఇప్పుడు నేను బ్యాటరీ వైపు మళ్లాను. ఎనిమిదో వంతు హరికేన్ అనుకోండి. అసలుది 12.19 మీటర్ల రెక్క, మనది మీటరున్నర పైచిలుకు. బరువు 3 కిలోలు. కిలోకి 300 వాట్ల చొప్పున 900 వాట్లు కావాలి. ఆరు సెల్లుల లైపో బ్యాటరీ 22.2 వోల్టులు, అంటే 40 ఆంపియర్ల చిల్లర. స్పీడ్ కంట్రోలర్ 60 ఆంపియర్లది తీసుకోండి, సరిగ్గా 40ది కొని పొగ చూడొద్దు. మోటారు 500 కేవీ, ప్రొపెల్లర్ 14 బై 7. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ థ్రాటిల్‌లో ఏడున్నర నిమిషాలు వస్తుంది. అయిదో వంతు మిగల్చాలి కాబట్టి టైమర్ ఆరుకి పెట్టండి. ఆ బ్యాటరీ బరువే ముక్కులో సీసం పని చేస్తుంది, అసలు మజా అదీ. కానీ మే నెలలో మూసిన కారులో లైపోని వదిలి టిఫిన్‌కి వెళ్లకండి. వాడని రోజుల్లో సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

రెక్కల, తోకల పలకల్ని కదిపే సర్వోల్లో పొదుపు చెయ్యాలనిపిస్తే ఫ్లాప్‌ల దగ్గర చెయ్యండి. ఎలివేటర్‌కి మాత్రం మెటల్ గేర్‌దే వెయ్యండి.

మైదానం సంగతి మర్చిపోయేవాణ్ణి. కోత అయ్యాక పొలాలన్నీ ఖాళీయేగా అని ఒకరు రాశారు. డెల్టాలో పొలం ఖాళీ ఎక్కడుందండీ! వరి కొయ్యకముందే మినుములు చల్లేస్తారు. మోళ్ల మధ్య మొలక కనబడదు, మీ విమానం దిగాక రైతు మాత్రం కనబడతాడు. సాగులో లేని చోటు వెతుక్కోండి. గన్నవరం విమానాశ్రయం ఇటే ఉంది కాబట్టి, ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యండి.

రాజమండ్రి వారికి: ఆ 46 వృథా కాదు. పైరెక్క ట్రైనర్ ఒకటి కొని దానికి బిగించండి, దిగ్గున లేస్తుంది. ఈ సీజనంతా దాంతో దిగడం నేర్చుకుని, వచ్చే కార్తీకానికి హరికేన్ ప్లాను గురించి నాకు రాయండి.

ఉంటాను,
మీ గుణదల మిత్రుడు