లోపలి గది దాకా

2002లో ఉస్మానియా జర్నలిజం విభాగంలో చేరినప్పుడు మా బ్యాచ్‌లో దాదాపు అందరిదీ ఒకటే కోరిక, రిపోర్టర్ కావాలని. ఒకరిద్దరు టీవీ అనేవాళ్లు. పబ్లిక్ రిలేషన్స్ (పీఆర్) లోకి వెళ్తానన్నది నేనొక్కదాన్నే. 1954లో మొదలైన విభాగం అది. పత్రికలకు మనుషుల్ని తయారుచేసి పంపిన చోటు. అక్కడ నిలబడి ఆ మాట అంటే సీనియర్లు ఊరుకుంటారా? "అంటే నువ్వు వార్త రాయవు, రాయించుకుంటావన్నమాట" అని నవ్వేవాళ్లు.

మిర్యాలగూడలో మా పెదనాన్నకైతే ఈ చదువేంటో అసలే అంతుబట్టలేదు. "పీఆర్వో అంటే దవాఖానల కౌంటర్ కాడ కూసోని, ఏ డాక్టరు ఏ రూముల ఉన్నడో చెప్పేటోళ్లే గద బిడ్డా? దానికి యూనివర్సిటీ దాక పోవాల్నా?" అని అడిగాడు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. అప్పట్లో మనవైపు జనానికి తెలిసిన పీఆర్వోలు ఆస్పత్రి కౌంటర్లోనో, కలెక్టరేట్‌లో జిల్లా పీఆర్వో (డీపీఆర్వో) గదిలోనో ఉండేవాళ్లు. లేదంటే సినిమా పోస్టర్ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో.

క్లాసులో చెప్పిన పాఠం వేరే లోకానిది. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడితే, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున ఐవీ లీ అనే ఆయన సంగతి దాచకుండా తనే కాగితం మీద పెట్టి పత్రికలకిచ్చాడు, విలేకరుల్ని ప్రమాదం జరిగిన చోటికి తీసుకెళ్లాడు. ప్రెస్‌నోట్‌కు ఆద్యుడిగా అతన్ని చెప్పుకుంటారు. నాకు భలే నచ్చాడు. కొన్నాళ్లకు లైబ్రరీలో ఇంకో పుస్తకం తిరగేస్తే, అదే లీ 1914లో లడ్‌లో అనే చోట గని కార్మికుల శిబిరం మీద కాల్పులు జరిగాక రాక్‌ఫెల్లర్ల కొలువులో కూర్చుని తప్పుల తడకలాంటి బులెటిన్లు దేశమంతా పంచాడని కనబడింది. పైవాళ్లు ఏం చెబితే అది రాసిచ్చాడన్నమాట. పరీక్షకు మాత్రం పీఆర్ సిద్ధాంతాల కింద బెర్నేస్ 1923 పుస్తకం, మార్‌స్టన్ సూత్రం, గ్రూనిగ్, హంట్‌ల నాలుగు నమూనాలు బట్టీ పట్టాం. మార్కులొచ్చాయి. లీ సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒకే మనిషి ఒకచోట అలా, ఇంకోచోట ఇలా ఎందుకున్నాడు?

అసలు పని నేర్పింది ఎర్ర పెన్సిల్. మా సార్ ఒకాయన రోజూ మూడు తెలుగు పేపర్లు ముందేసుకొని, ఏ వార్త విలేకరి తిరిగి తెచ్చిందో, ఏది ప్రెస్‌నోట్ నుంచి వచ్చిందో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకు రమ్మన్నారు. మొదట్లో అన్నీ ఒకేలా కనిపించాయి. పోగాపోగా కన్ను తెరుచుకుంది. మూడు పేపర్లలోనూ ఒకరి ఇంటిపేరు ఒకే తప్పుతో అచ్చయిందంటే అది ప్రెస్‌నోటే. అతిథులందరి పేర్లూ హోదాల వరుసలో ఉంటే ప్రెస్‌నోటే. ఒక పేపర్లో ఆరు పేరాలొచ్చిన వార్త ఇంకో పేపర్లో రెండు పేరాలకే ఆగిపోతే, ఆ రెండూ పోల్చి చూస్తే డెస్క్ ఎక్కడ కత్తెర వేసిందో తెలిసిపోయేది. కత్తెర ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది. చైర్మన్‌గారి సందేశం దాదాపు ప్రతిసారీ దానికే బలి. వార్త తలకిందుల పిరమిడ్‌లా ఉండాలని క్లాసులో బొమ్మ గీసి చెప్పినప్పుడు ఎక్కనిది, ఈ కత్తిరింపులతో ఎక్కేసింది.

ఆ చలికాలంలో ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు రక్తదాన శిబిరం పెట్టారు. ప్రెస్‌నోట్ పేపర్లకు చేర్చే పని నా మీద పడింది. నోట్ వాళ్లే రాశారు. విద్యానగర్‌లో డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్‌లో టకటకా కొట్టేస్తూ, "అక్కా, రక్తం ఇచ్చినోళ్ల ముచ్చట ఏడుంది ఇందుల?" అన్నాడు. నిజమే. మొదటి రెండు పేరాల నిండా వేదిక మీద కూర్చున్నవాళ్లే. కాపీలు తీయించుకొని బస్సెక్కాను. అప్పట్లో ఈమెయిల్‌లో తెలుగు పంపితే అవతలివాళ్ల కంప్యూటర్లో అదే ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు వచ్చేవి. అందుకని చేతికివ్వడమే నమ్మకం. లోయర్ ట్యాంక్‌బండ్ మీద వార్త, సోమాజిగూడలో ఈనాడు, సికింద్రాబాద్ ఎస్డీ రోడ్డులో ఆంధ్రభూమి. ఏ బస్సు దిగి ఏది ఎక్కితే సాయంత్రం లోపు అన్నీ తిరగొచ్చో లెక్క వేసుకోవాలి. చీకటి పడ్డాక వెళ్తే సిటీ పేజీలు కట్టేసి ఉండేవి, కాగితం తీసుకునేవాళ్లు గానీ చూసేవాళ్లు కాదు.

ఒక ఆఫీసులో (ఏదో చెప్పను) సబ్‌ఎడిటర్ ఒకాయన నన్ను కూర్చోమని నా ముందే ఆ నోట్ దిద్దారు. పెన్ను తీసి మొదటి పేరా మొత్తం అడ్డంగా కొట్టేశారు. "ఘనంగా" మీద ఒక గీత, "విశేష స్పందన" మీద ఇంకో గీత. తలెత్తకుండానే అడిగారు: "ఎంతమంది ఇచ్చారమ్మా? ఏ ఆస్పత్రికి వెళ్తుంది? నెగెటివ్ గ్రూపులు దొరికాయా?" అదృష్టం కొద్దీ శిబిరం రిజిస్టర్ నా సంచిలోనే ఉంది. చదువుతుంటే ఆయన రాసుకున్నారు. మర్నాడు ఆ ఒక్క పేపర్లోనే డబుల్ కాలమ్ వచ్చింది. మిగతా చోట్ల ఒక మూల రెండు ముక్కలు. వేదిక మీది పెద్దలు నొచ్చుకున్నారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ రిజిస్టర్ మోయడం అలవాటైపోయింది. ఇప్పటికీ ఎక్కడికి వెళ్లినా నోట్ వెనకాల అసలు లెక్కలు పెట్టుకునే వెళ్తాను.

2003 ఎండాకాలంలో నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో ఇంటర్న్‌గా చేరాను. పెదనాన్నకు చెబితే "నేనన్నది అదే గద" అన్నాడు. అక్కడ పీఆర్ విభాగమంటే ఇద్దరు మనుషులు, ఒక ఫ్యాక్స్ మిషన్. పెద్దావిడను అందరూ మేడమ్ అనేవాళ్లం. అంతకుముందు పత్రికలో పనిచేసి వచ్చారు. ఆవిడ దగ్గర నల్ల అట్ట డైరీ ఉండేది. అందులో ప్రతి విలేకరి పేరు పక్కన అతను చూసే బీటు, వారపు సెలవు, ఇంటి ల్యాండ్‌లైన్, ఏ టైముకి ఫోన్ చేస్తే చిరాకు పడతాడో కూడా రాసుండేది. ఒకాయన పేరు పక్కన "అమ్మగారికి డయాలసిస్, మంగళవారం పిలవద్దు" అని ఉంది. ఇలాంటివి సిలబస్‌లో ఉండవు. ప్రెస్‌మీట్‌లో విలేకరులకు కవర్లిచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. మేడమ్ ఫైలూ, టిఫినూ తప్ప ఇంకేమీ పెట్టనిచ్చేవారు కాదు. దాన్ని పట్టుకొని ఎవరైనా నసిగితే విననట్టే ఉండేవారు.

ఒకరోజు గుండెకు అరుదైన ఆపరేషన్ ఏదో విజయవంతమైందని ప్రెస్‌మీట్ ఖాయమైంది. రోగి సూర్యాపేట వైపు రైతు. కోలుకొని వార్డులో ఉన్నాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన డాక్టర్, ఎదురుగా కెమెరాలు, అదీ ప్లాను. వివరాలు రాసుకు రమ్మని మేడమ్ నన్ను వార్డుకి పంపారు. రైతు ఏమీ అనలేదు. ఆయన భార్య నన్ను కారిడార్‌లోకి పిలిచింది. "అమ్మా, మా ఊర్లె ఎవ్వరికి చెప్పలేదు. పొల్లకు సంబంధం కుదిరింది. పేపర్ల పడితే పిలగానోళ్లు ఏమంటరో ఏమో. పెద్దసార్లకు మేం చెప్పలేం, బిల్లు తగ్గిచ్చిండ్రు మాకు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. నేను ఉన్నది ఉన్నట్టు మేడమ్‌కి చెప్పాను.

మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి లేచి, ఎండీ గది వైపు నడిచారు. ఫైళ్లు పట్టుకొని నేను వెనకాల. నన్ను బయటే ఉండమన్నారు గానీ తలుపు పూర్తిగా పడలేదు.

"పేషెంట్ లేకుండా ప్రెస్‌మీట్ ఏంటండీ? ఎవరొస్తారు?" ఎండీ గొంతు.

"వస్తారు సార్. కొంచెం తగ్గుతారు. ఎక్స్‌రేలు పెడదాం, డాక్టరుగారు మాట్లాడతారు. ఆవిడ వద్దంటోంది, మనం కూర్చోబెట్టకూడదు."

"ఆయనేం అనలేదుగా?"

"బిల్లు తగ్గించాం సార్. ఆయనేం అంటారు?"

కాసేపు ఏమీ వినిపించలేదు. మేడమ్ బయటికొచ్చి, "బ్యానర్ మీద పేషెంట్ ఊరు పేరుంది, కొత్తది కొట్టించు, గంటలో కావాలి" అన్నారు. అంతే. జనం నిజంగానే తక్కువ వచ్చారు. ఎవరో ఒకాయన రోగి ఏడని అడిగితే, కుటుంబం ఇష్టపడలేదని డాక్టరే చెప్పారు. రెండు పేపర్లలో సింగిల్ కాలమ్. ఎండీగారు ఆ వారమంతా మేడమ్‌తో పొడిపొడిగా మాట్లాడారు. ఆవిడ మాత్రం నాకు దీని మీద ఏ పాఠమూ చెప్పలేదు, టీ తెప్పించి ఇంకో పని అప్పజెప్పారు. ఐవీ లీ గురించి నాలో ఉన్న ప్రశ్నకు మాత్రం సగం జవాబు ఆ తలుపు దగ్గర దొరికింది. బయటికి ఏం చెప్పాలో అందరూ నేర్పుతారు. లోపలికి వెళ్లి చెప్పేవాళ్లే తక్కువ. వినే గది ఒకటుండాలి, అందులోకి వెళ్లే దారీ ఉండాలి.

అక్టోబరులో హైదరాబాద్‌కు ఆఫ్రో ఏషియన్ క్రీడలు వచ్చాయి. మీడియా వైపు వలంటీర్‌గా ఎంపికయ్యాను. నెల మొదట్లోనే అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి మీద దాడి జరిగింది కాబట్టి ఎక్కడ చూసినా తనిఖీలే, మెడలో కార్డు లేకపోతే మంచినీళ్లు కూడా పుట్టవు. సికింద్రాబాద్‌లో ఆ ఆగస్టులోనే మొదలైన ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి, అక్కడి నుంచి గచ్చిబౌలి. రైలింకా కొత్త పెయింటు వాసన వేసేది.

పని అంటే ఫలితాల కాగితాలు జిరాక్స్ తీసి పంచడం. తెలుగు విలేకరులందరి చూపూ సానియా మీర్జా మీదే. పదహారేళ్ల పిల్ల, మన ఊరిది, జులైలోనే వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచి వచ్చింది, ఇక్కడ నాలుగు స్వర్ణాలు కొట్టింది. ఇక వేరేవాళ్ల సంగతి ఎవరికి కావాలి? అయినా పేపర్లో పతకాల పట్టిక వేయాలి కదా. కెన్యా, ఇథియోపియా, నైజీరియా ఆటగాళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో చూసి డెస్క్‌లు తలోరకంగా రాసేవి. ఒకే మనిషికి మూడు పేపర్లలో మూడు పేర్లు. నేను జట్ల వెంట వచ్చిన అధికారుల్ని పట్టుకొని, "ఈ పేరు ఎలా పలుకుతారు?" అని అడగడం మొదలుపెట్టాను. వాళ్లు పలుకుతుంటే తెలుగులో రాసుకొని, తిరిగి చదివి వినిపించి సరిచూసుకునేదాన్ని. ఒక నైజీరియా కోచ్ తన పేరు కూడా రాసివ్వమని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి తెలుగులో పేర్ల జాబితా ఫలితాల కాగితంతో పాటు పిన్ను కొట్టి ఇచ్చేదాన్ని. మూడో రోజు నుంచి విలేకరులు నా టేబుల్ దగ్గరికే వచ్చి అడిగేవాళ్లు. వాళ్లలో నలుగురైదుగురు ఇవాళ్టికీ ఫోన్ ఎత్తుతారు.

చివరి ఏడాదిలో పద్ధతులే మారిపోయాయి. 2003 ఆఖర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాక సాయంత్రం లోపు ఇస్తే చాలన్న లెక్క పనికిరాలేదు. మధ్యాహ్నం జరిగింది మధ్యాహ్నమే తెరమీదికి వెళ్తోంది. పుస్తకాల్లో ఇది లేదు. ఉన్నంతలో నాకు పనికొచ్చింది సి.వి. నరసింహారెడ్డిగారి పత్రిక పబ్లిక్ రిలేషన్స్ వాయిస్. ఆయన రాష్ట్ర సమాచార పౌరసంబంధాల శాఖకు డైరెక్టర్‌గా పనిచేసినవారు కాబట్టి, అందులో మన దగ్గర జరిగిన ఉదాహరణలుండేవి. ఏప్రిల్ 21, జాతీయ పీఆర్ దినం. 1968లో ఢిల్లీలో తొలి అఖిల భారత సదస్సు జరిగిన తేదీ అది. ఎన్నికల హడావుడి మధ్య ఆ రోజు జరిగిన సభకు వెళ్లి నా బయోడేటా కనబడిన పెద్దలందరికీ ఇచ్చి వచ్చాను.

ఒకచోట నుంచి పిలుపొచ్చింది. పెద్ద కంపెనీ, మంచి జీతం, నెలకు ఆరున్నర వేలు. ముగ్గురు కూర్చుని అడిగారు: "మన మీద పేపర్లో తప్పుడు వార్త వస్తే ఏం చేస్తావమ్మా?"

"ముందు అది తప్పో కాదో లోపల కనుక్కుంటాను సార్."

నవ్వారు. నచ్చిందనే అనుకుంటాను. చివర్లో నువ్వేమైనా అడుగుతావా అన్నారు. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు అవసరమైతే నేరుగా ఎండీగారితో మాట్లాడొచ్చా అని అడిగాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పీఆర్ మార్కెటింగ్ జీఎం కింద ఉంటుందనీ, ఏదున్నా ఆయన ద్వారానే వెళ్లాలనీ, ఎండీగారిని కలిసే అవసరం రాదనీ మధ్యలో కూర్చున్నాయన చెప్పారు.

చేరలేదు. ఇంట్లో గొడవైంది, పెదనాన్న ఫోన్‌లో చీవాట్లు పెట్టాడు. నెలన్నర తర్వాత ఇంకో చిన్న సంస్థలో ఐదు వేలకు కుదిరాను. అక్కడ ఎండీగారి గదికి తలుపు లేదు, సగం ఎత్తు చెక్క అడ్డం మాత్రమే ఉండేది. మొదటి వారంలోనే దాని మీదుగా తల పెట్టి, ఆయన సంతకం చేసిన ప్రెస్‌నోట్‌లో రెండో పేరా నిజం కాదని చెప్పాల్సొచ్చింది. ఆయనకు కోపమొచ్చింది. పేరా మాత్రం తీసేశారు.