పెనుగొలనులో చిట్టి గిన్నె

షాబాన్ నెల మొదటి వారంలో మేమిద్దరం విజయవాడలో తిరువూరు బస్సెక్కాము. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం దాటి, మూత్రపిండాల వ్యాధి మూలంగా పత్రికలకెక్కిన ఎ. కొండూరు మీదుగా సాగుతుంది ఆ దారి. ఇరువైపులా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. తిరువూరులో దిగి గంపలగూడెం మండలంలోకి మళ్ళిన తరువాత మిరప చేలు, కల్లాల్లో ఆరబోసిన ఎర్రని కాయలు, గాలి నిండా ఘాటు. పెనుగొలను ఆ మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఊరి పేరులో ఉన్నది పెద్ద కొలను. మేము వెళ్ళింది మాత్రం ఒక చిట్టి గిన్నె దగ్గర పుట్టిన తగవు తీర్చడానికి.

ఆ ఇల్లు మా ఫుప్పూది. ఆమె కుమార్తెకు ఆరు వారాల క్రితం బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగింది. ముప్పై నాలుగేళ్ళ వయసు, 118 కిలోల బరువు, అదుపు తప్పిన చక్కెర వ్యాధి, మెట్లెక్కితే ఆయాసం. వైద్యులు చేసినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఈ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం. పెళ్ళి భోజనంలో రెండు పళ్ళేలు వడ్డించడమే ప్రేమ అనుకునే మన ఇళ్ళలో, అరకప్పుతో కడుపు నిండే మనిషికి వడ్డించడం ఎలాగో ఎవరికి తెలుసు?

మేము చేరేసరికి దస్తర్‌ఖాన్ పరచి ఉన్నది. మా పళ్ళేలలో బగారా అన్నం, కోడి కూర. అమ్మాయి ముందు పిల్లల పాలగిన్నె అంతటి స్టీలు గిన్నె, అందులో మెత్తగా మెదిపిన గుడ్డు, పెసరపప్పు. ఒక్కో చెంచా నోట పెట్టుకుని నీరయ్యేదాకా నములుతూ, మధ్యలో చెంచా కింద పెట్టి మాతో మాట్లాడుతున్నది. అరగంట పట్టింది. ఫుప్పూ ఆ గిన్నె వంకే చూస్తూ, “ఇంతే తింటే బతికేదెట్లా బేటా? నువ్వైనా చెప్పు” అన్నది.

చెప్పవలసినది మేము ఫుప్పూకే చెప్పాము. మొదటి రెండు వారాలు ద్రవాలే: మజ్జిగ తేట, వడకట్టిన పప్పుకట్టు, కొవ్వు తీసిన కోడి యఖ్నీ. ఆ తరువాత మెత్తగా రుబ్బినవి, నాలుగైదు వారాలకు గుడ్డు, పన్నీరు, ముళ్ళు తీసిన చేప వంటి మృదువైనవి. రెండు నెలలు కావస్తుండగా మామూలు భోజనం, అదీ కొద్దికొద్దిగా. ఒక్కొక్క వైద్యుని పట్టికలో ఈ గడువులు కొంత అటూ ఇటూ ఉంటాయి. మారని నియమం ఒకటున్నది: ముందు మాంసకృత్తులు, ఆ తరువాతే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. ఈ లెక్క చూస్తే చిట్టి గిన్నెలో అన్నానికి చోటు ఎందుకు లేదో తెలుస్తుంది. నీళ్ళు భోజనంతో కలిపి తాగరాదు, తిన్న అరగంటకు మొదలుపెట్టి రోజంతా గుటక గుటకగా తాగాలి.

అప్పుడు ఫుప్పూ తల వంచుకుని అసలు సంగతి చెప్పింది. నాలుగో వారంలో ఒక వలీమా జరిగింది. అందరూ తింటుంటే బిడ్డ ఊరక కూర్చున్నదని మనసాగక, బిర్యానీలోని ఒక మాంసం ముక్క తానే నోటికి అందించింది. ముక్క దిగలేదు. గుండెల్లో నొప్పి, రెండు రోజులు వాంతులు. ఆసుపత్రికి తీసుకుపోతే సెలైన్‌తో పాటు బి1 విటమిన్ ఎక్కించారు. వాంతులు ఆగకుంటే ఆ విటమిన్ తరిగిపోయి చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినవచ్చు. ఇంట్లో కషాయాలతో రోజులు గడపరాదు. “నా చేత్తోనే పెట్టాను” అని ఆమె పలుమార్లు అన్నది. అమ్మాయి తల్లి చేయి పట్టుకున్నదే గాని, ఏమీ అనలేదు.

కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న దైవప్రవక్త (స) బోధను మేము ప్రస్తావించబోయాము. అమ్మాయి నవ్వింది. “ఆ హదీసు నాకు వినిపించని చుట్టం లేడు భాయీ. వడ్డించేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు” అన్నది. మేము సిగ్గుపడ్డాము. స్థూలకాయం తిండిపోతుతనం ఒక్కదానితోనే రాదు. వంశపారంపర్యం, హార్మోనులు, కొన్ని మందులు కూడా దానికి కారణాలు.

మందుల విషయం కూడా వచ్చింది. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వాడవలసినవే. గుళికల తొడుగులో జంతువుల జెలటిన్ ఉంటుందని ఆమె నెల రోజులుగా మానివేసింది! మందుల దుకాణంలో అడిగితే నమిలే మాత్రలు, పొడులు దొరుకుతాయి. సందేహం ఉంటే అడగాలి గాని, మందు మానకూడదు. జుట్టు రాలుతున్నదని దిగులు పడుతున్నది. మొదటి ఆరు నెలల్లో చాలామందికి రాలుతుంది, తిరిగి వస్తుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న రమజాన్. మూడు వారాల్లో నెలవంక. పన్నెండేళ్ళ వయసు నుండి రోజా విడువని పిల్ల. ఒక్కసారిగా గ్లాసెడు నీళ్ళు కూడా తాగలేని కడుపు, పగలంతటికీ కావలసిన నీటిని సహరీలో ఎలా నింపుకుంటుంది? మొదటి నెలల్లో ఉపవాసం వద్దని ఆమె వైద్యుడు చెప్పాడు. వ్యాధిగ్రస్తులు ఇతర దినాల్లో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చని అల్ బఖర సూరా 184, 185 ఆయతులు వెసులుబాటు ఇచ్చాయి. ఇది మేము చెప్పేలోగా ఫుప్పూయే అందుకున్నది. “అల్లాహ్ ఇచ్చిన సెలవు నువ్వు కాదంటావా?” అని కూతుర్ని గద్దించింది. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “ఇఫ్తార్‌కు మీ అందరితో కూర్చుంటాను, ఒక ఖర్జూరం తింటాను” అన్నది. తీపి ఎక్కువైతే తలతిరుగుడు, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి గనుక ఒక్కటే అని ఒప్పందం కుదిరింది. రోగుల కోసం హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన తల్బీనాను, బార్లీ పిండి జావను, తేనె లేకుండా కాచి ఇస్తానని ఫుప్పూ మాట ఇచ్చింది.

సాయంత్రం బయలుదేరుతుంటే ఫుప్పూ మా చేతికి సంచి అందించింది. అందులో నాలుగు గిన్నెల కేరియర్, ఎండుమిరపకాయలు, డబ్బా నిండా గులాబ్ జామూన్లు. మేము వద్దంటున్నా వినలేదు. గుమ్మంలో నిలబడిన అమ్మాయి, “తీసుకోండి భాభీ, నా వాటా కూడా మీకే పెట్టింది” అన్నది.